ర్యామ్ పెంచితే చాలా, సిస్టమే మార్చాలా?

ప్రశ్న: అన్నా, మా ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉంది, 4 జీబీ ర్యామ్. పాప ఆన్‌లైన్ క్లాసు పెట్టుకుని ఇంకో రెండు ట్యాబులు తెరిస్తే చాలు, మౌసు కూడా కదలదు. షాపాయనేమో మొత్తం మార్చేయమంటాడు. 2,000 లోపల ఏమన్నా అవుతుందా?
– ఒక పాఠకురాలు, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: మార్చేది తర్వాత చూద్దాం లేమ్మా, ముందు సిస్టమ్ నత్తనడక నడిచేటప్పుడే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో మెమరీ చూడు, 90 శాతం దాటి అక్కడే కూర్చుందంటే ర్యామ్ చాలడం లేదనే. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కితే స్లాట్లు, అంటే ర్యామ్ గుచ్చే చోట్లు, ఎన్ని వాడినామో కూడా ఉంటుంది, ఒకటి ఖాళీ ఉంటే నీ పంట పండినట్టే, ఉన్నదాని పక్కనే ఇంకో 4 జీబీ పెట్టుకోవచ్చు.

కొనేముందు పాత ర్యామ్ స్టిక్కు తీసి దాని స్టిక్కర్ ఫోటో తీసుకుని పో. ర్యామ్‌లో రకాలుంటాయి, డీడీఆర్3 రకానికి 240 పిన్నులు, డీడీఆర్4కి 288, మధ్యలో గాడి కూడా వేరే చోట ఉంటుంది, ఒకదాని స్లాట్లో ఇంకోటి దిగదు, బలవంతంగా నొక్కినావంటే బోర్డే పోతుంది. పాత డీడీఆర్3 అయితే సెకండ్‌హ్యాండ్‌ది చాలు, షాపులోనే పెట్టించి చూసి డబ్బులివ్వు.

విండోస్ 32 బిట్‌ది అయితే మాత్రం 4 జీబీ దాటి వాడుకోదు, 64 బిట్ వేయించాల్సిందే. పెట్టినాక స్క్రీన్ రాకపోతే కంగారు పడొద్దు, ప్లగ్ పీకి, స్టిక్కు బంగారు రంగు అంచుని పాప రబ్బరుతో మెల్లగా తుడిచి, రెండు పక్కలా క్లిప్పులు టక్కుమనేదాకా మళ్ళీ నొక్కు.