వరల్డ్ రికార్డు చేతిలో ఉన్నా డిస్కస్‌లో గోల్డ్ ఎందుకు చేజారుతుంది?

అడిగిన ప్రశ్న ఇది: డిస్కస్ త్రోలో పురుషుల వరల్డ్ రికార్డు 75 మీటర్లు దాటింది కదా, మరి పారిస్ ఒలింపిక్స్‌లో గోల్డ్ 70 మీటర్లకే ఎలా వచ్చింది? రికార్డు ఉన్న లిథువేనియా కుర్రాడు మికోలస్ అలెక్నా 2024లో పారిస్‌లోనూ, 2025లో టోక్యో వరల్డ్ చాంపియన్‌షిప్స్‌లోనూ ఎందుకు ఓడిపోయాడు? టెన్షనేనా? మనవాళ్లు ఏ స్థాయిలో ఉన్నారు?

టెన్షన్ ఉండదని అనను. కానీ నన్నడిగితే ముందు గాలిని చూడాలి, తర్వాత స్టేడియాన్ని చూడాలి, మనసు సంగతి ఆ తర్వాత. నేను యూనివర్సిటీ రోజుల్లో డిస్కస్ వేశాను. ఇప్పుడు స్కూల్లో పీఈటీని, జిల్లా మీట్లలో త్రోస్ దగ్గర అఫీషియల్‌గా నిలబడుతుంటాను. ఒలింపిక్ ఫైనల్‌కీ నా త్రోలకీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా. అయినా గాలి చేసే పని మాత్రం వాళ్ల డిస్క్ మీదా మా డిస్క్ మీదా ఒకటే.

షాట్‌పుట్ గుండుకి గాలితో పెద్దగా పనిలేదు. డిస్క్ అలా కాదు. రెండు కిలోల బరువున్నా అది ఎగిరే వస్తువే. చూపుడు వేలి మీదుగా గిర్రున తిరుగుతూ బయటికి వెళ్లిందంటే ఎదురుగాలి దాన్ని కింది నుంచి మోస్తుంది. వందమీటర్ల పరుగువాడు తిట్టుకునే ఎదురుగాలి కోసం డిస్కస్ వేసేవాడు కాచుకుని కూర్చుంటాడు. విశాఖలో మేం ప్రాక్టీస్ చేసేటప్పుడు పొద్దున గాలి స్తంభించి ఉండేది. ఎంత బలంగా వేసినా డిస్క్ వెళ్లి ధబీమని పడేది. మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి గాలి లేచాక అదే చెయ్యి, అదే డిస్క్, రెండు మూడు మీటర్లు ఊరికే కలిసొచ్చేవి. సర్కిల్‌లోకి దిగేముందు సీనియర్లు గుప్పెడు దుమ్ము తీసి వదిలేవాళ్లు, అది ఎటు పోతుందో చూసేవాళ్లు. కుడిచేతి వాళ్లకు సూటిగా వచ్చే గాలి కంటే ఎదురుగా కాస్త కుడి పక్క నుంచి వచ్చే గాలి మేలు. అయితే ఎదురుగాలిలో డిస్క్ ముందు అంచు ఏమాత్రం పైకి లేచినా కథ తిరగబడుతుంది. అది చాటలా నిలబడిపోయి, పైకి పోవాల్సినంత పైకి పోయి అక్కడే కూలుతుంది. అందుకే గాలి ఉన్న రోజున అంచు కాస్త దించి, తక్కువ ఎత్తులో వదలమని చెబుతారు. చెప్పినంత తేలిక కాదనుకోండి.

ఇప్పుడు రికార్డుల సంగతి. 1986లో తూర్పు జర్మనీకి చెందిన యుర్గెన్ షుల్ట్ వేసిన 74.08 మీటర్లు దాదాపు 38 ఏళ్లు చెక్కుచెదరలేదు. 2024 ఏప్రిల్‌లో అలెక్నా దాన్ని 74.35కి తీసుకెళ్లాడు. 2025 ఏప్రిల్‌లో ఒకే రోజు రెండుసార్లు రికార్డు కొట్టి 75.56 దగ్గర ఆగాడు. అలెక్నా రికార్డులన్నీ అమెరికాలో ఓక్లహామా రాష్ట్రంలోని రామోనా అనే చిన్న ఊళ్లో జరిగాయి. అక్కడ గాలికి అడ్డుపడే గ్యాలరీల్లేవు, బయలు ప్రదేశం. త్రోయర్లు అక్కడికి వెళ్లేదే ఆ గాలి కోసం. 75.56 వచ్చిన రోజునే ఆస్ట్రేలియా ఆటగాడు మాథ్యూ డెనీ కూడా 74.78 వేశాడు. ఒక్కడు వేస్తే మహానుభావుడనుకోవచ్చు, ఇద్దరు ఒకే రోజు పాత రికార్డును దాటేశారంటే గ్రౌండు చెయ్యి కూడా ఉందని ఒప్పుకోవాలి.

మరి అలాంటి రికార్డు చెల్లుతుందా అంటే నిక్షేపంగా చెల్లుతుంది. వందమీటర్లకూ లాంగ్‌జంప్‌కీ వెనకగాలి సెకనుకు 2 మీటర్లు దాటితే రికార్డు ఒప్పుకోరు. త్రోస్‌కి ఆ నిబంధన లేదు. అది అన్యాయమని వాదించేవాళ్లున్నారు. నాకలా అనిపించదు. ఆ గాలిలో డిస్క్ అంచు అదుపులో పెట్టడానికి కావాల్సిన పనితనం మామూలుది కాదు. కాకపోతే రికార్డు పక్కన ఆ రోజు గాలి ఎంతుందో అంకె కూడా రాస్తే బాగుంటుంది, పోల్చుకోవడానికి.

పారిస్‌కి వద్దాం. 2024 ఆగస్టు 7, స్టాడ్ ద ఫ్రాన్స్. చుట్టూ ఎత్తైన గ్యాలరీలు, వాటి మీద కప్పు, మధ్యలో మాత్రమే ఆకాశం. రామోనాలో ఉన్న గాలి అక్కడికి ఎక్కడి నుంచి వస్తుంది? అలాంటి చోట 70 మీటర్లు అంటే గొప్ప త్రోయే. నిజానికి అలెక్నా ఆ రోజు బాగానే వేశాడు. రెండో రౌండ్‌లో 69.97 పడింది, అది ఒలింపిక్ రికార్డు. అతను తుడిచేసిన పాత రికార్డు ఎవరిదనుకున్నారు? సొంత తండ్రిది. వర్జీలియస్ అలెక్నా 2004 ఏథెన్స్‌లో వేసిన 69.89. ఆ త్రోకీ ఓ కథ ఉంది. ఏథెన్స్‌లో మొదట గెలిచింది హంగరీ ఆటగాడు రాబర్ట్ ఫజెకాష్, 70.93తో. డోప్ పరీక్షకు సరైన శాంపిల్ ఇవ్వలేదని అతని పతకం, రికార్డు రెండూ తీసేశారు, సిల్వర్ దగ్గరున్న అలెక్నాకి గోల్డ్ వచ్చింది. ఇరవై ఏళ్ల తర్వాత కొడుకు దగ్గర లెక్క తిరగబడింది. నాలుగో రౌండ్‌లో జమైకా ఆటగాడు రోజీ స్టోనా, అంతకుముందు 70 మీటర్లు ముట్టనివాడు, సరిగ్గా 70.00 వేశాడు. ఆ 3 సెంటీమీటర్లను అలెక్నా మిగిలిన త్రోల్లో పూడ్చలేకపోయాడు. డెనీకి 69.31తో బ్రాంజ్.

మూడు సెంటీమీటర్లంటే ఎంతో టేపు పట్టుకున్నవాళ్లకి తెలుస్తుంది. ఒలింపిక్స్‌లో అంతా ఎలక్ట్రానిక్ కొలతే. మా మీట్లలో ఇప్పటికీ టేపే. డిస్క్ పడిన గుర్తులో సర్కిల్‌కి దగ్గరగా ఉన్న అంచు దగ్గర మేకు గుచ్చి, టేపు జీరో అక్కడ పెట్టి, రెండో కొసను సర్కిల్ మధ్య బిందువు మీదుగా లాగి, రింగు లోపలి అంచు దగ్గర అంకె చదువుతాం. సెంటీమీటరు పూర్తిగా నిండకపోతే కింది అంకే రాస్తాం. సర్కిల్ దగ్గరున్న మనిషి చెయ్యి మధ్య బిందువు నుంచి పక్కకు జరిగినా, గాలికి టేపు విల్లులా వంగినా సెంటీమీటర్లు మారిపోతాయి. ఒకసారి మొదటి రెండు స్థానాల మధ్య అంతే తేడా వచ్చి, ఇద్దరు పిల్లల కోచ్‌లూ నా రెండు పక్కలా నిలబడి మేకు వైపే చూస్తూ ఉంటే నాకు చెమటలు పట్టాయి. మళ్లీ కొలిచాం, అదే అంకె వచ్చింది, బతికిపోయాను.

మనసు సంగతి కూడా చెప్పాలి. పారిస్ ఫైనల్లో పన్నెండు మంది, ఒక్కొక్కరికి మూడు త్రోలు. అందులో మొదటి ఎనిమిది మందికి ఇంకో మూడు. అప్పుడు వరస మారుతుంది, వెనకున్నవాడు ముందు వేస్తాడు, లీడ్‌లో ఉన్నవాడు చివర వేస్తాడు. ఒక త్రోకీ ఇంకో త్రోకీ మధ్య చాలాసేపు కూర్చోవాలి. ఒంట్లో వేడి తగ్గిపోతుంది, పక్కవాడి అంకె స్క్రీన్ మీద కనబడుతూనే ఉంటుంది. నా అనుభవంలో డిస్కస్‌ని పాడుచేసేది భయం కాదు, ఆత్రం. గట్టిగా కొట్టాలనుకోగానే పైభాగం ముందు తిరిగిపోతుంది, కాళ్లు వెనకబడతాయి, డిస్క్ వెళ్లి సర్కిల్ చుట్టూ కట్టే వలకి, అంటే కేజ్‌కి తగులుతుంది. రెండున్నర మీటర్ల సర్కిల్‌లో ఒకటిన్నర చుట్టు తిరిగే పనిలో కాలు ముందు, చెయ్యి ఆఖరున రావాలి.

అందుకే వరల్డ్ రికార్డు ఉన్నవాడు ఓడిపోవడం ఈ ఈవెంట్‌లో కొత్తేమీ కాదు. అమెరికా ఆటగాడు ఆల్ ఓర్టర్ 1956 నుంచి 1968 దాకా వరసగా నాలుగు ఒలింపిక్స్‌లో గోల్డ్ కొట్టాడు. నాలుగుసార్లూ ఆ సమయానికి వరల్డ్ రికార్డు ఉన్న వేరే ఆటగాణ్ణి దాటే గెలిచాడు. మెల్‌బోర్న్‌లో గోర్డియన్, రోమ్‌లో బాబ్కా, టోక్యోలో చెకొస్లొవేకియాకు చెందిన డానెక్, మెక్సికో సిటీలో సిల్వెస్టర్. వీటిలో నాకు బాగా ఇష్టమైనది 1960 రోమ్ ఫైనల్. లీడ్‌లో ఉన్న రింక్ బాబ్కా, తోటి అమెరికన్ ఓర్టర్ ఎడమ చెయ్యి సరిగా రావట్లేదని గమనించి, అయిదో త్రోకి ముందు ఆ మాట అతనికే చెప్పాడు. ఓర్టర్ సరిచేసుకుని 59.18 వేసి గోల్డ్ పట్టుకుపోయాడు. చెప్పినవాడికి సిల్వర్. 1964 టోక్యోలోనైతే ఓర్టర్‌కి మెడ నొప్పి ముందే ఉంది, పైగా పోటీకి కొద్ది రోజుల ముందు పక్కటెముకల దగ్గర మృదులాస్థి చిరిగింది. ఒంటికి పట్టీలు చుట్టుకుని దిగి, అయిదో త్రోలో 61.00 వేసి గెలిచాడు. మెక్సికోలో వాన కురిసి పోటీ ఆలస్యమైంది, రికార్డు ఉన్న సిల్వెస్టర్ అయిదో స్థానానికి పడిపోయాడు.

వాన అంటే గుర్తొచ్చింది, మీరడిగిన 2025 టోక్యో ఫైనల్ కూడా వానలోనే జరిగింది. తడి సర్కిల్‌లో తిరగడమంటే ఏమిటో వేసినవాళ్లకే తెలుసు. బూటు అడుగు జారితే నడుము తిరగదు. టవల్‌తో డిస్క్ తుడిచి చేతిలో పెట్టుకునేలోపే అది మళ్లీ తడుస్తుంది, వేళ్ల కొసల నుంచి ముందే జారిపోతుంది. మా పిల్లలకి అలాంటప్పుడు సగం వేగంతో తిరిగి ముందు ఒక లీగల్ త్రో పెట్టుకోమని చెబుతాను. అలెక్నాకి అక్కడ 67.84 వచ్చింది. స్వీడన్ ఆటగాడు డేనియల్ స్టాల్ మాత్రం అదే వానలో ఆఖరి త్రోలో 70.47 వేశాడు, అతనికి అది మూడో వరల్డ్ టైటిల్. 2023 బుడాపెస్ట్‌లోనూ స్టాల్ ఇదే పని చేశాడు. స్లొవేనియా ఆటగాడు చెహ్ చివరి రౌండ్‌లో 70.02 వేసి పైకి వెళ్తే, వెంటనే 71.46తో దించేశాడు. భారీ మనిషి, ఆరో త్రోకి కూడా మొదటి త్రో అంత తీరిగ్గా సర్కిల్‌లోకి వస్తాడు.

అంతమాత్రాన అలెక్నా పెద్ద పోటీల్లో చేతులెత్తేస్తాడనుకోవడం మాత్రం తప్పు. 2002లో పుట్టిన కుర్రాడు. 2022లో యూరప్ చాంపియన్ అయ్యాడు, వరల్డ్స్‌లో ఆ ఏడాది సిల్వర్, మరుసటి ఏడు బ్రాంజ్, తర్వాత పారిస్, టోక్యో సిల్వర్లు. ఈ వయసుకి ఇన్ని పతకాలు ఎంతమందికి ఉన్నాయి?

మనవాళ్ల గురించి అడిగారు కాబట్టి. మైసూరులో పుట్టి అమెరికాలో పెరిగిన వికాస్ గౌడ మన డిస్కస్‌లో పెద్ద పేరు. 2012 లండన్ ఒలింపిక్స్ ఫైనల్లో 64.79తో ఎనిమిదో స్థానం. 2014 గ్లాస్గో కామన్వెల్త్ గేమ్స్‌లో 63.64తో గోల్డ్, అదే ఏడాది ఇంచియాన్ ఏషియన్ గేమ్స్‌లో ఇరాన్ ఆటగాడు ఎహ్సాన్ హద్దాదీ తర్వాత సిల్వర్. వికాస్ కెరీర్‌లో అత్యుత్తమం 66.28, గ్లాస్గో గోల్డ్ త్రో కంటే రెండున్నర మీటర్లు ఎక్కువ. అది 2012 ఏప్రిల్‌లో నార్మన్ అనే ఊళ్లో వచ్చింది. మ్యాప్ తీసి చూడండి, నార్మన్ ఉన్నదీ ఓక్లహామాలోనే.