చేతి గడియారం దగ్గర మొదలుపెట్టు

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. చావును నేరుగా చూపించే డాక్యుమెంటరీల మీద రాయాలన్న నీ పట్టుదల నచ్చింది. కానీ మొదటి పేజీలోనే ఏడు శవాలున్నాయి, మనిషి ఒక్కడూ లేడు. నా బాధంతా అదే.

1962లో ఇటలీ నుంచి వచ్చిన ‘మోండో కానే’ సినిమా ఈ ధోరణికి దారి వేసింది. 1978 నాటి ‘ఫేసెస్ ఆఫ్ డెత్’ దగ్గరికొచ్చేసరికి చావే సరుకైపోయింది. అందులో కోతి మెదడు తినే సన్నివేశం చూసి కడుపులో తిప్పిందని రాశావు. ఆ మెదడు కాలీఫ్లవర్, దాని మీద పోసింది నాటకాల రక్తం. కోతి తల మీద కొట్టిన సుత్తులు ఫోముతో చేసినవి. వ్యాఖ్యానం చెప్పిన డాక్టరు ఒక నటుడు. నువ్వొక్కడివే కాదు, చాలామంది నమ్మారు. నన్ను కలచివేసేది వేరే ఉంది. ఆ కల్పిత దృశ్యాల పక్కనే నిజంగా చనిపోయినవాళ్ల ఫుటేజీ కూడా కలిపారు. కాలీఫ్లవరూ, ఎవరో కన్న బిడ్డా ఒకే వరసలో! నీ వ్యాసమూ ఆ వరసలోనే నడిచింది.

1985లో వచ్చిన ‘షోవా’ చూడు. తొమ్మిది గంటలకు పైనే ఉంటుంది, ఓపిక పట్టు. యూదుల సామూహిక హత్యల మీద తీసిన ఆ సినిమాలో క్లాడ్ లాంజ్‌మన్ పాత ఫుటేజీ ఒక్క ముక్క కూడా వాడలేదు. నాజీల హత్యా శిబిరం ట్రెబ్లింకాలో, చంపబోయే ఆడవాళ్ల జుట్టు కత్తిరించాల్సి వచ్చిన అబ్రహాం బొంబా, ఇజ్రాయెల్లో ఒక సెలూన్‌లో కత్తెర ఆడిస్తూనే మాట్లాడతాడు. తనతో పనిచేసిన బార్బరు భార్య, తోబుట్టువు శిబిరంలో జుట్టు కత్తిరించే ఆ గదిలోకి వచ్చిన సంగతి దగ్గర మాట ఆగిపోతుంది. చెప్పలేనంటాడు. చెప్పి తీరాలంటాడు లాంజ్‌మన్. తెరమీద నెత్తుటి చుక్క లేదు, నాకు మాత్రం ఊపిరాడలేదు. ఒక మనిషిని అంతగా ఒత్తిడి చేయొచ్చా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. నీ వ్యాసంలో ఆ ప్రశ్న అడుగు. కెమెరా పట్టుకున్నదెవరు, చనిపోయినవాడి తరఫున ఒప్పుకున్నదెవరు అని ప్రతి దృశ్యాన్నీ నిలదీయి.

మూడో పేజీలో నదిలోంచి తీసిన మనిషిని ‘ఉబ్బిన శవం’ అని రాసి వదిలేశావు. అతని చేతికి గడియారం ఉందని నువ్వే గమనించావు, బ్రాకెట్లో పడేశావు. ఆ బ్రాకెట్ తీసెయ్. గడియారం దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు.

నీ అన్నయ్య