గడ్డం పక్కకు జరుగుతోంది.. త్రీడీ స్కాన్ తప్పదా?

ప్రశ్న: మాది నర్సంపేట. మా పాపకు 16 ఏళ్లు. రెండేళ్లుగా గడ్డం ఎడమవైపు జరుగుతున్నట్టు కనిపిస్తోంది. హనుమకొండలో పళ్ల డాక్టర్‌కు చూపిస్తే ఎక్స్‌రేలు తీసి, సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ కూడా కావాలన్నారు. రేడియేషన్ అంటే టెన్షన్‌గా ఉంది. ఎక్స్‌రేలు సరిపోవా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ పాప విషయంలో ఆ స్కాన్ అడగడం సబబే. అయితే పళ్లు కాస్త వంకరగా ఉన్నాయని వచ్చే పిల్లలందరికీ అది రాసేయడాన్ని నేను ఒప్పుకోను.

ముఖాన్ని పక్క నుంచి తీసే సెఫలోగ్రామ్ ఎక్స్‌రే 1931 నుంచీ ఉంది. దవడ ముందుకు వచ్చిందా, వెనక్కి ఉందా అన్నది అందులో బాగా తెలుస్తుంది. కానీ కుడి, ఎడమ ఎముకలు ఒకదాని మీద ఒకటి పడి కనిపిస్తాయి. మీ పాపకు తేడా ఉన్నదే కుడి ఎడమల మధ్య. సీబీసీటీలో రెండు వైపులా దవడ పొడవును, చెవి ముందు కీలులో ఉండే ఎముక తలను విడివిడిగా కొలవొచ్చు.

ఈలోగా ఒకటి చూడండి. పాపను ఎదురుగా కూర్చోబెట్టి, నోరు కొంచెం తెరిచి మెల్లగా మూయమనండి. తెరిచినప్పుడు మధ్యలో ఉన్న గడ్డం, పళ్లు కలిసేటప్పుడు పక్కకు జారితే, పళ్లే అడ్డొచ్చి దవడను నెడుతుండొచ్చు. తెరిచినా మూసినా ఒకే వైపు ఉంటే ఎముకలో తేడాను అనుమానించాలి. చూసింది డాక్టర్‌కు చెప్పండి.

రేడియేషన్ సంగతికి వస్తే, ముఖమంతా తీసే సీబీసీటీకి మెషీన్‌ను బట్టి పదుల నుంచి కొన్ని వందల మైక్రోసీవర్ట్‌ల దాకా ఉంటుంది. ప్రకృతి నుంచే మనిషికి ఏటా ప్రపంచ సగటున 2,400 దాకా అందుతుంది. అంత భయం అక్కర్లేదు, కానీ ఊరికే రెండోసారి తీయించొద్దు. ప్రింట్లతో సరిపెట్టుకోకుండా డైకామ్ ఫైళ్లు (స్కాన్ అసలు కంప్యూటర్ ఫైళ్లు) పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకోండి. రేపు హైదరాబాద్‌లో సర్జన్‌కు చూపించినా అవే పనికొస్తాయి. కమ్మలు, ముక్కుపుడక ఇంట్లోనే తీసేయండి. మెషీన్ తిరిగే ఆ కొద్ది సెకన్లు పాప కదిలితే బొమ్మ చెడిపోతుంది.

ఎముక ఇంకా పెరుగుతోందా, ఆగిందా అన్నది మాత్రం ఈ ఒక్క స్కాన్‌తో తేలదు. అందుకే రెండు మూడేళ్లుగా ముఖం నేరుగా పడిన ఫొటోలు, స్కూల్ ఐడీ కార్డుల మీదివైనా సరే, వెంట తీసుకెళ్లండి. ఒకవైపు పెరుగుదల ఆగలేదని అనుమానమొస్తే, ఎముక ఎక్కడ చురుగ్గా ఉందో చూపే బోన్ స్కాన్ రాయొచ్చు. అది తేలేదాకా దవడ ఆపరేషన్‌కు తొందరపడొద్దు. ఒకవైపు వాపు, పెదవి తిమ్మిరి, నోరు సరిగా తెరుచుకోకపోవడం ఉంటే మాత్రం వెంటనే చూపించండి.