విమానం సీటు ఇంట్లోనే ఫైబర్‌గ్లాస్‌తో చేసుకోవచ్చా? ఎన్ని పొరలు వేయాలి?

చేసుకోవచ్చు. టెక్సాస్‌లో మా గ్యారేజీలో నేను రెండు చేశాను, మొదటిది పారేశాను. మీరు పొరల గురించి అడిగారు గానీ, ముందు రెసిన్ (గాజు క్లాత్‌ను తడిపి గట్టిపరిచే జిగురు) తూకం గురించి చెప్పాలి. నా మొదటి సీటు పాడైంది అక్కడే.

నా సీటు మధ్యలో 10 మిల్లీమీటర్ల పీవీసీ ఫోమ్. రెండు వైపులా రెండేసి పొరల బిడ్ క్లాత్ (నిలువుగా, అడ్డంగా సమానంగా నేసిన గాజు గుడ్డ), దారాలు 45 డిగ్రీల వాలులో. అంచుల్లో, బోల్టులు వచ్చే చోట ఇంకొన్ని పొరలు. క్లాత్ మొత్తం 1.4 కిలోలు. ఎక్కడ పొడిగా ఉండిపోతుందో అన్న టెన్షన్‌తో ఎపాక్సీ రెసిన్ ధారాళంగా పోశాను. ఆరాక అద్దంలా మెరిసింది. తూస్తే 4.4 కిలోలు! ఫోమ్ అర కిలో, క్లాత్ 1.4 కిలోలు పోతే, 2.5 కిలోలు రెసినే. బలం గాజు దారాలది. ఎక్కువైన రెసిన్ బరువు పెంచుతుంది, పెళుసుతనం తెస్తుంది. రెండోసారి క్లాత్ ఎంతుంటే రెసిన్ దాదాపు అంతే పట్టేలా చూసుకున్నాను. సీటు 3.3 కిలోలకు దిగింది.

తెల్లటి క్లాత్ సరిగ్గా తడిస్తే కింద ఫోమ్ రంగు కనబడుతుంది. తెల్లటి మచ్చ మిగిలిందంటే అక్కడ గాలి ఉన్నట్టే. స్క్వీజీతో (రబ్బరు లేదా ప్లాస్టిక్ పలకతో) మధ్య నుంచి అంచులకు లాగండి. నేత వేలికి తగలాలి, క్లాత్ రెసిన్‌లో తేలకూడదు. ఆరాక నాణెంతో తట్టండి, సంతలో కుండ కొనేటప్పుడు తట్టి చూసినట్టే. పొర అంటుకోని చోట డొల్ల మోత వస్తుంది.

రెసిన్‌ను గట్టిపరిచే హార్డెనర్‌ను కంటి అంచనాతో కలపొద్దు, డబ్బా మీద రాసిన నిష్పత్తిలో తూచి కలపండి. థర్మోకోల్ రకం ఫోమ్‌కు పాలియెస్టర్ రెసిన్ తగిలితే కరిగిపోతుంది. యూరిథేన్ ఫోమ్‌ను వేడి తీగతో కోయకండి, విషవాయువులు వస్తాయి.

ఇంకో మాట. రూటన్ లాంగ్-ఈజీలో (ప్లాన్ చూసి ఇంట్లో కట్టుకునే చిన్న విమానం) ముందు సీటు వీపు భాగం విమానం నిర్మాణంలో భాగమే. మీదీ అలాంటిదైతే ప్లాన్‌లో ఉన్న పొరలను ఒక్కటి కూడా మార్చకండి. బెల్టులు సీటుకు కాదు, ఫ్రేముకు బిగించండి. దిండుకు మెత్తటి స్పాంజి వద్దు. విమానం నేలను గట్టిగా గుద్దుకుంటే అది అణిగిపోయి వెన్నుపూసకు దెబ్బ పెంచుతుంది. నెమ్మదిగా కోలుకునే ఫోమ్ తీసుకోండి.

కూర్చునే ముందు బరువు పెట్టి చూడండి. నా బరువు 80 కిలోలు. 3.8 జీ దగ్గర, అంటే బరువు 3.8 రెట్లు అనిపించేటప్పుడు, అది 304 కిలోలవుతుంది, భద్రత కోసం దానికి ఒకటిన్నర రెట్లు 456. సీటును విమానంలో బిగించే ఆధారాల మీదే పెట్టి, తూచిన ఇసుక సంచులు అంత బరువూ పేర్చాను. దించాక మళ్లీ నాణెంతో అంగుళం అంగుళం తట్టాను. ఎక్కడా డొల్ల మోత రాలేదు. అప్పుడు కూర్చున్నాను.