పాత హాలీవుడ్ కామెడీలు ఇప్పుడు చూసి నవ్వొచ్చా?

1940ల నుంచి 60ల దాకా వచ్చిన అమెరికన్ కామెడీల్లో నల్లవాళ్ళనీ ఆసియావాళ్ళనీ చూపించిన తీరు చూస్తే ఇబ్బందిగా లేదా అని అడిగారు కదా. నేనైతే చూస్తా, నవ్వుతా కూడా. కాకపోతే నన్ను గుచ్చేది అందరూ చెప్పే సీన్లు కాదు.

అందరూ చెప్పేది 1961 ‘బ్రేక్‌ఫాస్ట్ ఎట్ టిఫనీస్’లో ఎత్తుపళ్ళు పెట్టుకుని జపాన్ ఆయనలా అరిచే తెల్ల నటుడు మిక్కీ రూనీ గురించి. అది దారుణమని చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది, వదిలేద్దాం. అదే డైరెక్టర్ బ్లేక్ ఎడ్వర్డ్స్ 1968లో తీసిన ‘ద పార్టీ’లో పీటర్ సెల్లర్స్ అనే ఇంకో తెల్ల నటుడు మొహానికి రంగేసుకుని ఇండియన్ యాక్టర్‌గా చేశాడు. హైదరాబాద్ హాస్టల్లో లాప్‌టాప్ చుట్టూ ఎనిమిదిమందిమి చేరి చూశాం, ఆ షూ నీళ్ళల్లో పడే సీనుకి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం, వారం పాటు ఆ యాసలోనే మాట్లాడుకున్నాం కూడా. తర్వాత న్యూజెర్సీలో లంచ్ టైంలో ఒకాయన, మంచాయనే పాపం, నా వైపు చూసి అదే యాసలో ఒక ముక్క అన్నాడు, టేబులంతా నవ్వింది, నేనూ నవ్వా, కానీ డబ్బాలో పులిహోర సగం అలాగే ఉండిపోయింది.

ఇంకో సినిమా చెప్తా. మా నాన్న గుంటూరులో ఇల్లు కట్టిస్తూ మేస్త్రీ లెక్కలతో సతమతమవుతున్నప్పుడు, ఇల్లు కట్టి చూడు అన్న మాటకి అచ్చు సినిమా ఉంది నాన్నా అని 1948 ‘మిస్టర్ బ్లాండింగ్స్ బిల్డ్స్ హిజ్ డ్రీమ్ హౌస్’ పెట్టా. హీరో కేరీ గ్రాంట్ యాడ్ కంపెనీలో పనిచేస్తాడు, ఒక హామ్ (పంది మాంసం) బ్రాండ్‌కి స్లోగన్ రాయాలి, రాత్రంతా కూర్చున్నా తట్టదు, ఉద్యోగం పోయేలా ఉంది. పొద్దున్నే ఇంట్లో పనిచేసే గస్సీ టిఫిన్ పెడుతూ ఆ హామ్ గురించి ప్రాస కలిసేలా ఓ మాట అంటుంది, అదే స్లోగన్ అయిపోతుంది. హీరో ఎగిరి గంతేసి, గస్సీకి పది డాలర్లు జీతం పెంచు అంటాడు భార్యతో. మా నాన్న అప్పటిదాకా నవ్వుతున్నవాడు కాస్తా ఆగి, ‘పదేనా?’ అన్నాడు.

నేను అంతకుముందు చూసినప్పుడు నాకు ఆ లెక్కే తట్టలేదు!

గస్సీగా వేసినావిడ లూయిస్ బీవర్స్ అనే నల్ల నటి. కెరీర్ అంతా దాదాపు పనిమనిషి వేషాలే. నల్లవాళ్ళకీ తెల్లవాళ్ళకీ ప్రేమకథ పెట్టకూడదని హాలీవుడ్ ప్రొడక్షన్ కోడ్‌లోనే, అంటే సినిమాల్లో ఏం చూపించకూడదో స్టూడియోలు పెట్టుకున్న రూల్స్‌లోనే రాసుంది, ఆ రూల్ 1956 దాకా నడిచింది, ఇంక మిగిలింది వంటగదే కదా. 1934లో ‘ఇమిటేషన్ ఆఫ్ లైఫ్’ అని వచ్చింది, అది కామెడీ కాదనుకోండి, అందులో ఈవిడ పాన్‌కేక్ రెసిపీతో తెల్లావిడ కోటీశ్వరురాలవుతుంది, ఈవిడకి 20 శాతం వాటా ఇస్తామంటారు. ఇక నువ్వు సొంతిల్లు కొనుక్కోవచ్చు అంటే ఈవిడ బెదిరిపోయి, నన్ను పంపించేస్తారా, నేను మీ దగ్గరే ఉంటా అంటుంది.