సమాధానం: ద్రూపల్ ఎడిటర్‌లో అక్షరాల రంగు సేవ్ చేయగానే పోతోంది

వెబ్‌సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్ ద్రూపల్‌లో, ఎడిటర్ సోర్స్‌లో (అంటే హెచ్‌టీఎంఎల్ కోడ్‌లో) స్టైల్ రాసి రంగు పెడితే, సేవ్ చేశాక పేజీలో మళ్లీ నలుపే కనిపిస్తోందన్నారు. టెన్షన్ పడకండి, తప్పు మీది కాదు. అనుమతించిన ట్యాగులకే పరిమితం చేసే ఫిల్టర్ ఆన్‌లో ఉంటే స్టైల్ అట్రిబ్యూట్‌ను (ట్యాగులోనే రాసే రంగు, సైజు లాంటి సూచనను) ఎప్పుడూ తీసేస్తుంది. అలాగని ఆ ఫిల్టర్ ఆపేయొద్దు, దయచేసి. హానికరమైన స్క్రిప్టులను అడ్డుకునేది అదే.

రంగును క్లాస్‌గా, అంటే ట్యాగుకు తగిలించే ఒక పేరుగా ఇవ్వండి. కాన్ఫిగరేషన్‌లో టెక్స్ట్ ఫార్మాట్స్ అండ్ ఎడిటర్స్‌కు వెళ్లి, మీ ఫార్మాట్ తెరిచి, స్టైల్ బటన్‌ను యాక్టివ్ టూల్‌బార్‌లోకి లాగండి. కింద దాని సెట్టింగ్స్ పెట్టె వస్తుంది. అందులో వరుసకు ఒకటి చొప్పున ఇలా రాయాలి:

స్పాన్.వార్నింగ్|హెచ్చరిక

నిలువు గీతకు ముందున్నది ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేయండి. తర్వాతది మెనూలో కనిపించే పేరు, అది తెలుగులో ఉండొచ్చు. క్లాస్‌కు ‘రెడ్’ అని కాకుండా పనిని బట్టి పేరు పెట్టమంటాను. రేపు డిజైన్‌లో ఎరుపు నారింజ అయినా పాత పేజీలు ముట్టుకోనక్కర్లేదు.

తర్వాత థీమ్ సీఎస్‌ఎస్‌లో (సైటు రూపాన్ని నిర్ణయించే ఫైల్‌లో) ఆ క్లాస్‌కు రంగు ఇచ్చి, క్యాష్ (సైటు దాచుకున్న పాత కాపీలు) క్లియర్ చేయండి. రాసేటప్పుడు ఎడిటర్‌లోనూ రంగు కనిపించాలంటే, థీమ్ ఇన్ఫో ఫైల్‌లో సీకేఎడిటర్5 (ద్రూపల్‌లోని ఎడిటర్ పేరు) స్టైల్‌షీట్స్ కింద అదే సీఎస్‌ఎస్ ఫైల్ చేర్చాలి.

రంగు ఎంపికలో ఒక్క మాట. తెల్లటి నేపథ్యం మీద అచ్చమైన ఎరుపు కాంట్రాస్ట్ (అక్షరానికీ నేపథ్యానికీ వెలుగులో ఉండే తేడా) సుమారు 4:1 మాత్రమే. మామూలు సైజు అక్షరాలకు డబ్ల్యూసీఏజీ (వెబ్ పేజీలు అందరూ వాడగలిగేలా ఉండాలనే ప్రమాణాలు) ఏఏ స్థాయి అడిగేది 4.5:1. కాస్త ముదురు ఎరుపు తీసుకోండి, చూపు తక్కువున్నవాళ్లకూ చదవడం తేలికవుతుంది.