తాటాకు కట్టకు ముందు లెక్క, తర్వాతే నూనె

ప్రశ్న: మా ముత్తాతగారి భోషాణంలో రెండు తాటాకు కట్టలు దొరికాయి. ఒకదాంట్లో అక్షరాలు కనిపించడం లేదు, కొన్ని ఆకులు అతుక్కుపోయాయి. నిమ్మగడ్డి నూనె, దీపం మసి పూస్తే తేలతాయంటున్నారు. పూయొచ్చా? యూనివర్సిటీ లైబ్రరీకి ఇవ్వాలంటే ఎలా?

జవాబు: ఇప్పుడే ఏమీ పూయకండి. గంటంతో గీసిన అక్షరానికి రంగు ఉండదు. గాట్లో మసి నింపి, పైన తుడిచేస్తేనే నల్లగా కనిపిస్తుంది. మసి రాలిపోయినా గాటు మిగిలే ఉంటుంది. గది చీకటి చేసి, ఆకుకు ఓ పక్కన, దాదాపు ఆకు మట్టంలోనే టార్చి పెట్టి చూడండి. నీడలు పడి అక్షరాలు పైకి లేస్తాయి. ఆ వెలుతురులోనే ఫొటో తీయండి.

పైపొర అరిగిన ఆకు మసిని గాట్లోనే కాక ఒళ్లంతా పీల్చుకుంటుంది, ఆ మరక ఇక పోదు. పురుగు కన్నాల్లో చేరిన మసి లేని అక్షరాన్ని ఉన్నట్టు చూపిస్తుంది. అరుదుగా సిరాతో రాసిన ఆకులూ ఉంటాయి, నూనె గుడ్డ తగిలితే వాటి రాతే చెదిరిపోవచ్చు. నిమ్మగడ్డి నూనె ఎండిన ఆకును మెత్తబరిచే మాట నిజమే, కానీ మోతాదు మించితే దుమ్ము పట్టి జిగురవుతుంది. గ్రంథం చివర లేఖకులు రాసే శ్లోకం ఒకటుంది: నూనె నుంచి, నీటి నుంచి, వదులు కట్టు నుంచి కాపాడమని. ముందు నూనె పేరే చెప్పారు చూడండి!

అతుక్కున్న ఆకులను చాకుతో విడదీయొద్దు, పైపొర అక్షరాలతో సహా ఊడొస్తుంది. వాటిని అలాగే రాతప్రతుల సంరక్షణ నిపుణులకు అప్పగించండి. మిగతావాటిని మెత్తని పొడి బ్రష్‌తో, మధ్య నుంచి అంచులకు తుడవండి. తాడు బలంగా లాగితే కన్నం చిరుగుతుంది.

ఇక లెక్క. ఎడమ అంచున తెలుగు అంకెలుంటాయి. అంకె పుటకు కాదు, ఆకుకు: 60 ఆకులంటే 120 పుటలు. లేని ఆకుల అంకెలు కాగితం మీద రాసుకోండి, ఆకు మీద పెన్సిల్ కూడా పెట్టొద్దు.

తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాచ్య పరిశోధన సంస్థ తాళపత్రాలను సేకరించి భద్రపరుస్తుంది. ఎక్కడికి తీసుకెళ్లినా, దానమా, స్కానింగ్ కోసమేనా అన్నది ముందే కాగితం మీద తేల్చుకోండి. రసీదులో కట్టల సంఖ్యతో సరిపెట్టనివ్వకండి. ఆకుల సంఖ్య, కొలతలు రాయించుకుని, స్కాన్ ప్రతి అడగండి.

ప్రశ్న: చివరి ఆకులో 'ప్లవ నామ సంవత్సరం' అని ఉంది. ఎప్పటిది? అమెరికాలో ఉన్న మా తమ్ముడు తీసుకెళ్తానంటున్నాడు.

జవాబు: సంవత్సరం పేరొక్కటే చాలదు, అరవయ్యేళ్లకోసారి తిరిగొస్తుంది. 1841–42, 1901–02, 1961–62 మూడూ ప్లవే. పక్కన శాలివాహన శకం అంకె ఉంటే 78 కలపండి. సంవత్సరాది ఉగాది కాబట్టి, పుష్య మాఘాల నాటి రాతైతే 79 కలపాల్సి రావచ్చు. శకం లేకపోతే మాసం, తిథి, వారం మూడూ ఏ ఏట కలుస్తాయో పాత పంచాంగాల్లో చూడాలి. అయినా అది ఈ ప్రతి రాసిన కాలమే, గ్రంథం పుట్టిన కాలం కాదు.

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం 75 ఏళ్లు దాటిన, చారిత్రక లేదా సాహిత్య విలువ ఉన్న రాతప్రతిని వ్యక్తులు దేశం దాటించకూడదు. తమ్ముడికి ఫొటోలు పంపండి.